నార్మన్ వెనక్కి అడిగిన ఓటు

మే 23, గురువారం

ఎన్నికలు వచ్చేశాయి. జులై నాలుగున. పొద్దున తొమ్మిది కాకముందే పార్టీ ఆఫీసు నుంచి ఇమొజెన్ ఫోన్ చేసింది. ఆ పిల్లకి పాతికేళ్ళు కూడా ఉండవు, ఈసారి మా ఊరు క్రాగ్‌హోమ్ ప్రచారమంతా ఆమె చేతిలోనే. "గ్లెనిస్, మీరు లేకపోతే రేవు పక్క డాక్ వీధుల్లో మాకు తలుపు తీసేవాళ్ళెవరు?" అంది. ముఖస్తుతి అని తెలుసు. అయినా బాగుంది.

నార్మన్ కుర్చీలోంచి లేవకుండా విని, "ముప్పై ఏళ్ళుగా తలుపులు కొడుతున్నావు, ఒక్క తలుపైనా కదిలిందా పిల్లా?" అన్నాడు. అరవై ఆరేళ్ళ పెళ్ళాన్ని ఇంకా పిల్లా అనే అంటాడు.

నార్మన్ బాగానే ఉన్నాడు. మెట్లెక్కుతూ రెండుసార్లు ఆగాడు, అంతే.

మే 28, మంగళవారం

మొదటి రోజు. ఇమొజెన్ అందరికీ తలా ఒక పట్టిక ఇచ్చింది. ఇంటికొక వరుస. "ఈ ఎన్నికల్లో మీకు అన్నిటికంటే ముఖ్యమైన సమస్య ఏది?" అని అడగాలి. ఆస్పత్రి, ధరలు, వలసలు, ఇళ్ళు, ఇతరాలు. జవాబుని బట్టి గీత పెట్టాలి. ఎవరితోనూ వాదించకూడదట.

ఆల్బియన్ వీధిలో పదకొండు తలుపులు తెరుచుకున్నాయి. ఒకామె "బస్సు" అంది. ఏడో నంబరు బస్సు తీసేశాక చెల్లెలి ఇంటికి వెళ్ళలేకపోతోందట. బస్సుకి గడి లేదు. ఇతరాల్లో పెట్టాను. ఒకతను బనీను మీదే వచ్చి, "ముఖ్యమైన సమస్యా? నువ్వే. టీ చల్లారిపోతోంది" అని తలుపు వేశాడు. అదీ ఇతరాలే.

ఆరుగురు ఆస్పత్రి అన్నారు. ముగ్గురు వలసలు. ఆ ముగ్గురికీ, వలసలు ఆపాలనే ఆ కొత్త పార్టీ కాగితం కిటికీలో ఉంది.

నా ఇంటికి నేనే వెళ్తే నేనేం చెప్పాలి? ఆస్పత్రి. ఆలోచించాల్సిన పని లేదు. నార్మన్ గుండె వాల్వ్ మార్చాలని నిరుడు ఆగస్టులో చెప్పారు. పిలుపు కోసం చూస్తున్నాం.

జూన్ 2, ఆదివారం

టెండై ఆదివారాలు కూడా వస్తోంది పాపం. ఫిబ్రవరిలో నార్మన్‌ని ఆస్పత్రి నుంచి ఇంటికి పంపినప్పుడు ఊరి కౌన్సిల్ వాళ్ళు ఏర్పాటు చేసిన మనిషి. నా నడుం నొప్పితో అతన్ని పట్టుకుని స్నానం చేయించలేను. పొద్దున అరగంట, మధ్యాహ్నం అరగంట. ఆమె సొంతూరు జింబాబ్వేలో ముటారె. నార్మన్‌ని వాళ్ళ భాషలో తాత అని పిలుస్తుంది. మొదట్లో మొహం చిట్లించేవాడు, ఇప్పుడు ఆమె ఆ మాట అనకపోతే "ఏం, ఇవాళ నేను తాతని కానా?" అంటాడు.

స్నానం అయ్యాక మిగిలిన పది నిమిషాలు ఇద్దరూ చుక్కల బిళ్ళలతో డామినోలు ఆడతారు. ఇవాళ ఆమె గెలిచింది.

"మీ ఊళ్ళో ఇదే పనా అందరికీ?" అన్నాడు.

"మా ఊళ్ళో ముసలాళ్ళు ఓడిపోతే మర్యాదగా ఒప్పుకుంటారు తాతా."

నవ్వాడు. నవ్వితే దగ్గు, దగ్గితే ఆయాసం. ఆమె వీపు నిమురుతూ నిలబడింది.

ఆమె వెళ్ళాక వార్తలు పెట్టాడు. పడవల్లో వచ్చేవాళ్ళ గురించి. "ఆ కొత్త పార్టీవాడు చెప్పేదాంట్లో తప్పేముంది? ఎవరూ పైకి అనలేనిది అంటున్నాడు" అన్నాడు.

"ఇప్పుడే నీ వీపు రుద్దింది ఎవరు?"

"టెండై గురించి కాదు నేను అంటున్నది."

"అందరూ అదే అంటారు. పట్టికలో అలాంటి వాళ్ళు నాకు ముగ్గురున్నారు."

"అయితే నాక్కూడా ఒక గీత పెట్టేసెయ్" అన్నాడు. టీవీ శబ్దం పెంచాడు.

జూన్ 5

వాన. ఎవరూ తలుపు తీయలేదు. నార్మన్ బాగానే ఉన్నాడు.

జూన్ 9, ఆదివారం

ఇమొజెన్ టీకి వచ్చింది. తెచ్చిన బిస్కెట్లు తనే తిన్నది. నార్మన్ లోపల పడుకున్నాడు.

"మీ ఆయన గురించి మొన్న మాటల్లో అన్నారు కదా. పది నెలలుగా ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్నారని" అంది. "ఇక్కడ సగం మందికి ఆస్పత్రే ముఖ్యం. కానీ అంకెలు చెబితే ఎవరికీ ఎక్కదు. మనిషి కావాలి. ఊరివాళ్ళకి తెలిసిన మనిషి. చేపల డాక్‌లో ముప్పై ఏళ్ళు కత్తి పట్టిన మనిషి."

ఫోటో కావాలంది. పెళ్ళినాటిది చూపిస్తే తల అడ్డంగా ఊపింది. "ఇప్పటిది."

ఫోన్లో ఇప్పటిది ఒక్కటే ఉంది. కాళ్ళు ఎంత వాచాయో డాక్టరుకి చూపిద్దామని ఏప్రిల్‌లో తీసింది. డ్రెస్సింగ్ గౌను, కిటికీ పక్క కుర్చీ, స్టూలు మీద కాళ్ళు. అతను కెమెరాని చూడటం లేదు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది.

ఇమొజెన్ ఆ ఫోటోని చాలాసేపు చూసింది. "ఇదే" అంది. "ఆయనకి అభ్యంతరం లేదు కదా?"

లేదన్నాను.

చెబుతాను. రేపు పొద్దున మనసు బాగున్నప్పుడు చెబుతాను. తనలాంటి వాళ్ళు వేలమంది ఉన్నారు, వాళ్ళ కోసమే కదా.

జూన్ 11

ఇంకా చెప్పలేదు. పొద్దుటి నుంచీ మనిషి నలతగా ఉన్నాడు.

జూన్ 14, శుక్రవారం

ఇంట్లోనే గీత పెట్టి పోస్టులో పంపే ఓటు కాగితాలు వచ్చాయి. వాకిట్లో ఏడు మెట్లూ దిగి, పోలింగు జరిగే బడి దాకా నడవలేడని నార్మన్‌కి మార్చిలోనే పెట్టించాను. నేను ఎప్పటిలా బడికి వెళ్ళే వేస్తాను.

వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. నాకు వీపు పెట్టి, పక్క పిల్లాడు కాపీ కొడతాడేమో అన్నట్టు మోచెయ్యి అడ్డం పెట్టుకుని గీత గీశాడు. చిన్న కవరు అంటించాడు, సంతకం చేసిన కాగితంతో కలిపి పెద్ద కవర్లో పెట్టాడు, అదీ అంటించాడు.

"ఎవరికి వేశావు?"

"రహస్య ఓటు అంటే ఏమిటో ముప్పై ఏళ్ళ కార్యకర్తకి నేను చెప్పాలా?" అన్నాడు. కవరు నా చేతికిచ్చాడు. "వెళ్తూ వెళ్తూ పోస్టు డబ్బాలో వెయ్యి పిల్లా."

డామినోల పెట్టె కింద కొత్త పార్టీ కాగితం మడిచి పెట్టి ఉంది. దుమ్ము దులుపుతుంటే కనబడింది. నేను వెతకలేదు.

జూన్ 15

హడావిడిలో మర్చిపోయాను. సోమవారం వేస్తాను.

జూన్ 17, సోమవారం

డబ్బా దాకా వెళ్ళాను. ఎవరో పలకరించారు, మాటల్లో పడి దాటి వచ్చేశాను.

జూన్ 18

వేరే సంచీ పట్టుకెళ్ళాను. కవరు ఇంట్లో ఉండిపోయింది.

జూన్ 19, బుధవారం

ఇది నాకు నేను రాసుకునే పుస్తకం కాబట్టి రాస్తాను. సంచీ మారలేదు. కవరు నా దగ్గరే ఉంది. డబ్బా దగ్గర నిలబడి సందులోకి సగం దూర్చి వెనక్కి తీశాను.

ప్రచారం చేసేవాళ్ళు వేరేవాళ్ళ కవర్లు ముట్టుకోకూడదు, ఇంట్లోవాళ్ళవి అయితే పర్లేదు. ఈ రూలు పోయిన వారం కొత్తవాళ్ళకి నేనే చదివి వినిపించాను. భర్త కవరు పోస్ట్ చేయకుండా దాచుకుంటే ఏమవుతుందో ఆ కాగితంలో లేదు.

ముప్పై ఏళ్ళు వానలో తిరిగాను. కుక్కలు కరిచాయి. నా ఇంట్లోంచే, నా చేత్తోనే వాళ్ళకి ఒక ఓటు పంపాలా? ఆస్పత్రి బాగుపడాలంటే మేం గెలవాలి. నార్మన్ ఆపరేషన్ కోసమే కదా ఇదంతా. తన మంచి తనకి తెలియడం లేదు.

ఇంకా టైముంది. నేను వేయనని అనలేదు.

జూన్ 20, గురువారం

కరపత్రాలు వచ్చాయి. మా ఇంటికీ వేస్తారని నాకు తట్టనే లేదు. ఊరంతా వేస్తున్నప్పుడు మా తలుపు వదిలేస్తారా? ఎందుకు తట్టలేదు?

నేను దుకాణం నుంచి వచ్చేసరికి నార్మన్ కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు, ఆ ఫోటోలో ఉన్నట్టే. టెండై పక్కన నిలబడి ఉంది. ఆమె మధ్యాహ్నం వచ్చేటప్పుడు గుమ్మంలో పడి ఉన్న కాగితం తీసి, సంబరంగా అతని చేతికి ఇచ్చిందట, "తాతా, మీరు పేపర్లో పడ్డారు" అని.

పైన పెద్ద అక్షరాలు. నార్మన్ ఎదురుచూస్తున్నాడు. మీరు కూడానా? కింద అతను, గౌను, కాళ్ళు, తెరుచుకున్న నోరు.

"ఎన్ని వేశారు?" అన్నాడు.

"ఇరవై రెండు వేలు అనుకుంటా."

"డాక్ వీధుల్లో కూడా?"

"అన్ని వీధుల్లోనూ."

"అంటే లెన్ చూశాడు. మంచు గదిలో నాతో పనిచేసిన వాళ్ళంతా చూశారు." కాగితాన్ని మోకాలి మీద చదును చేశాడు. "యాభై కిలోల పెట్టె ఒక్కణ్ణే భుజాన వేసుకునేవాణ్ణి. వాళ్ళకి అదే గుర్తుండేది. ఇప్పుడు ఇది గుర్తుంటుంది."

"నీ కోసమే నార్మన్. నీలాంటి వాళ్ళ కోసం..."

"అడిగావా?"

సరుకుల సంచీ బల్ల మీద పెట్టాను.

"ఊళ్ళో ప్రతి వెధవ గుమ్మం ముందూ నిలబడి నీకేం కావాలి, నీకేం కావాలి అని అడుగుతావు. నన్నొక్కణ్ణి అడగలేకపోయావా?"

టెండై కోటు తొడుక్కుని వెళ్ళిపోయింది. డామినోలు ఆడలేదు.

జూన్ 21

మాట్లాడటం లేదు. ఉప్పు కావాలంటే లేచి వెళ్ళి తెచ్చుకుంటున్నాడు. బల్ల నుంచి అలమర దాకా వెళ్ళి రావడానికి ఎంతసేపు పట్టిందో చూస్తూ కూర్చున్నాను. నేను తెచ్చిస్తే తీసుకోడని తెలుసు.

ఇమొజెన్ ఫోన్. కరపత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోందట. నార్మన్‌కి థాంక్స్ చెప్పమంది.

జూన్ 22, శనివారం

ఇవాళ మాట్లాడాడు. టీ ఇస్తుంటే, నా మొహం చూడకుండా, "ఆ కవరు పోస్ట్ చేశావా?" అన్నాడు.

"ఎప్పుడో చేశాను. వచ్చిన మర్నాడే."

నోటికి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో.

"అయ్యో" అన్నాడు.

"ఏం?"

"ఏం లేదు. వెనక్కి తీసుకునే వీలుంటుందేమో అనుకున్నా." టీ ఊదుకున్నాడు. "ఏదో పోనీలే, ముప్పై ఏళ్ళుగా తిరుగుతోంది ఈ పిల్ల, ఈసారి దానికి నచ్చినట్టే వేద్దాం అనుకున్నా. బుద్ధి తక్కువై."

అప్పుడు గాని అర్థం కాలేదు నాకు. మా పార్టీకే వేశాడు. ఆ మోచెయ్యి అడ్డం పెట్టుకుని, నాకు తెలియకుండా, మాకే వేశాడు. ఇప్పుడు దాన్ని తీసేసుకోవాలనుకుంటున్నాడు.

కవరు నా సంచీలోనే, హాల్లో కొక్కేనికి వేలాడుతోంది. అతనికీ దానికీ మధ్య ఒక్క గోడ. "ఇదిగో నార్మన్, వెయ్యలేదు, తీసుకో" అంటే అయిపోయేది.

మధ్యాహ్నం టెండై ఉన్నప్పుడు బయటికి వెళ్ళి డబ్బాలో వేసి వచ్చాను.

మొన్నటిదాకా వెయ్యమన్నది అతనే కదా. చెప్పిన పనే చేశాను. ఆలస్యమైంది, అంతే. తప్పేముంది?

డబ్బా దగ్గర నుంచి వస్తుంటే మనసు తేలికపడింది. అది కూడా రాస్తున్నాను.

జూన్ 24, సోమవారం

ఎనిమిదింటికి డాక్టరుకి ఫోన్ చేశాను. వరుసలో ముప్పై ఒకటో మనిషిని. నా వంతు వచ్చేసరికి ఇవాళ్టికి అపాయింట్‌మెంట్లు అయిపోయాయి, రేపు ఎనిమిదింటికి చేయండి అన్నారు. ఆస్పత్రికి కూడా చేశాను, ఆపరేషన్ తేదీ గురించి. జాబితాలోనే ఉన్నారు, కంగారు పడకండి అన్నారు.

నార్మన్ బాగానే ఉన్నాడు. పెదవులు కొంచెం నీలంగా ఉన్నాయి. చలి వల్ల కావచ్చు.

జూన్ చివర్లో చలేమిటి.

జూన్ 25

ఎనిమిదింటికి. ఇరవై నాలుగో మనిషిని. అయిపోయాయన్నారు. రేపు.

జూన్ 26, బుధవారం

డాక్టరు ఫోన్లో మాట్లాడింది, నాలుగు నిమిషాలు. వాపు తీసే నీళ్ళ మాత్ర ఇంకోటి వేసుకోమంది. ఎక్కువైతే అంబులెన్సుకి చేయమంది. నార్మన్ ఫోన్ తీసుకుని, "అమ్మాయ్, మా కరపత్రం చూశావా? అందులో నేనింకా ఎదురుచూస్తూనే ఉన్నాను, నాకేం తొందర" అన్నాడు. ఆ పిల్లకి అర్థమైనట్టు లేదు.

రేపు వెళ్ళొద్దనుకున్నాను. ఇమొజెన్ బతిమాలింది. ఆఖరి వారం, ఆల్బియన్ వీధి నా ఒక్కదానికే తెలుసట. నార్మన్‌ని అడిగాను. ఈసారి అడిగాను. "వెళ్ళు. నువ్వు ఇక్కడుండి మాత్రం చేసేదేముంది" అన్నాడు.

జూన్ 29, శనివారం

నార్మన్ పోయాడు. గురువారం.

జూన్ 30, ఆదివారం

రాయాలి. రాయకపోతే నాకు నచ్చినట్టు గుర్తుపెట్టుకుంటాను. ఆ మాత్రం నన్ను నేను ఎరుగుదును.

పదకొండింటికి బయల్దేరాను. టెండై పన్నెండింటికి వస్తుంది. తలుపుల దగ్గర మోగితే బాగుండదని ఫోన్ శబ్దం ఆపి సంచీలో వేశాను. అది అందరికీ ఇమొజెన్ చెప్పిన పద్ధతి, కానీ ఆపింది నేనే.

టెండై వచ్చేసరికి అతను వంటింట్లో నేల మీద ఉన్నాడు, అలమరకి ఆనుకుని. పన్నెండూ పదికి అంబులెన్సుకి ఫోన్ చేసింది. వస్తోంది, పక్కనే ఉండండి అన్నారు. నాకు చేసింది. మళ్ళీ చేసింది. ఫోన్లో ఆమె పేరు తొమ్మిదిసార్లు ఉంది. ఇంకా చెరిపెయ్యలేదు.

పన్నెండున్నరకి ఆమె టైము అయిపోయింది. తర్వాతి ఇంటికి వెళ్ళాలి. వెళ్ళలేదు. అతని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అంబులెన్సు వాళ్ళకి మళ్ళీ మళ్ళీ చేసింది. ఊళ్ళో ఉన్న అంబులెన్సులన్నీ ఆస్పత్రి వాకిట్లో, లోపల ఖాళీ లేక రోగుల్ని దించలేక నిలబడి ఉన్నాయట.

రెండూ ఇరవైకి వచ్చారు. అప్పటికి పావుగంట అయిందట అతను పోయి.

ఆ పావుగంట ముందు నేనెక్కడున్నాను? పట్టికలో ఉంది. ఇల్లు నంబరు నలభై ఎనిమిది. ఒక చంటిపిల్ల తల్లి. ముఖ్యమైన సమస్య ఏది అంటే చాలాసేపు ఆలోచించి, "ఆస్పత్రి అనే పెట్టుకోండి" అంది. గీత పెట్టాను. "మీ కరపత్రం చూశాను, పాపం ఆ పెద్దాయన" అంది. "ఆయన మా ఆయనే" అన్నాను. గర్వంగానే అన్నాను.

"నా గురించి అడిగాడా?" అని టెండైని అడిగాను.

"అడిగారమ్మా. వస్తోంది తాతా, వచ్చేస్తోంది అన్నాను."

"ఏమన్నాడు?"

ఆమె చెప్పలేక చెప్పింది. "ఏ గుమ్మం ముందుందో అన్నారు."

జులై 2, మంగళవారం

టెండైకి, ఆమెని ఇళ్ళకి పంపే ఏజెన్సీ నుంచి ఉత్తరం. చెప్పకుండా పని వదిలేసిందని. ఆ మధ్యాహ్నం ఆమె వెళ్ళని రెండు ఇళ్ళలో ఒకావిడ మూడింటిదాకా అన్నం లేకుండా, తడి పక్క మీద ఉండిపోయిందట. వాళ్ళ కూతురు ఫిర్యాదు చేసింది. ఆ కూతురిది తప్పని ఎలా అంటాను? పన్నెండున విచారణ. ఆమె వీసా ఈ ఉద్యోగం మీదే, అది పోతే రెండు నెలలు గడువు. ఈలోగా ఇంకో ఏజెన్సీ తీసుకోకపోతే దేశం వదలాలి. ముటారెలో ఇద్దరు ఆడపిల్లలు, ఆమె పంపిస్తేనే బడి.

"ఏజెన్సీకి ఫోన్ చేసి చెప్పలేదా?" అన్నాను.

"ఎవరూ ఎత్తలేదమ్మా. మీరు వరుసలో ఉన్నారు అంది మిషను."

జులై 4, గురువారం

ఓటు వేశాను. బడిలో, ఎప్పటిలాగే. ఎవరికో రాయను.

జులై 5

గెలిచాం. ఊళ్ళో, దేశంలో. మా అభ్యర్థి ఫిలిపా డెంట్ ఇప్పుడు మా ఎంపీ. నాలుగు వేల పైచిలుకు ఆధిక్యం. కొత్త పార్టీది రెండో స్థానం.

నాలుగు వేలు. ఆ ఒక్క కవరు వెళ్ళినా వెళ్ళకపోయినా ఏమీ మారేది కాదు. దానికోసమా.

జులై 8, సోమవారం

ఎవరూ రాలేదు. అలమర తలుపు మూసుకోవడం లేదు, అతను ఆనుకున్న చోట కీలు వంగింది.

జులై 10, బుధవారం

పొద్దున దహనం. లెన్ వచ్చాడు, డాక్ వాళ్ళు ఏడుగురు వచ్చారు. నలుగురు శవపేటిక మోశారు. యాభై కిలోల పెట్టె గురించి లెన్ చెప్పాడు. కరపత్రం మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడం నాకు వినబడింది.

సాయంత్రం నాలుగింటికి ఫిలిపా, ఇమొజెన్ ఇంటికి వచ్చారు. పూలు తెచ్చారు. ఫిలిపా మంచి మనిషే, నా చెయ్యి పట్టుకుంది, ఆ కళ్ళలో తడి నిజమైనదే.

"గ్లెనిస్, పార్లమెంటులో నా మొదటి ప్రసంగం వచ్చే వారం" అంది. "నార్మన్ గురించి చెప్పాలనుకుంటున్నాను. పేరుతో. ఈసారి మిమ్మల్ని సరిగ్గా అడుగుదామనే వచ్చాను."

"ముందు నేనొకటి అడగనా?" అన్నాను. టెండై సంగతంతా చెప్పాను. "ఎల్లుండి విచారణ. ఎంపీ నుంచి ఒక ఉత్తరం వెళ్తే ఆమెని తీసెయ్యడానికి జంకుతారు. ఆ ప్రసంగంలో ఆమె పేరు కూడా చెప్పండి. చివరిదాకా ఉన్నది ఆమె."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఉత్తరం... చూస్తాను. ఆఫీసు ఇంకా ఏర్పడలేదు, ఎల్లుండిలోగా అంటే కష్టం" అంది ఫిలిపా.

ఇమొజెన్ గొంతు తగ్గించింది. "ప్రసంగంలో మాత్రం వద్దు. ఇక్కడ రెండో స్థానం ఎవరిదో చూశారు కదా. వీసా మీద వచ్చిన ఆమెని, పైగా ఇంకో ముసలావిడని వదిలేసిందనే ఫిర్యాదు ఉన్నామెని... రెండు విషయాలూ కలిపితే నార్మన్ కథ చెడుతుంది."

"కథా?"

"ఆ అర్థంలో కాదు గ్లెనిస్."

"నీ పట్టికలో ఆస్పత్రి ఒక గడి, వలసలు ఒక గడి. మా వంటింట్లో రెండూ నేల మీద కూర్చుని ఉన్నాయి ఆ రోజు, ఒకదాని ఒళ్ళో ఒకటి తలపెట్టుకుని."

అప్పుడు చెప్పేశాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

"నార్మన్ మీకే వేశాడు. తర్వాత ఆ ఓటు వెనక్కి తీసుకోవాలనుకున్నాడు. అడిగాడు. కవరు నా దగ్గరే ఉంది, పోస్ట్ చేసేశానని అబద్ధం చెప్పి, వెళ్ళి పోస్ట్ చేశాను. మీ నాలుగు వేలలో అదొకటి ఉంది. అంతకంటే అతని దగ్గర తీసుకోకండి. పేరు వద్దు."

ఇమొజెన్ ఏడ్చింది. చిన్నపిల్ల. కిందటి నెల అయితే దగ్గరకి తీసుకునేదాన్ని.

జులై 12, శుక్రవారం

ఉత్తరం రాలేదు. వస్తుందని నేను కూడా అనుకోలేదు. టెండైతో నేనే వెళ్ళాను.

ఏజెన్సీ ఆఫీసు కార్పెట్ల దుకాణం పైన. మేనేజరుకి నలభై ఉంటాయి, అతని కళ్ళు కూడా నిద్రలేనట్టు ఉన్నాయి. "మీరెవరండీ? పనివాళ్ళ సంఘం నుంచా?" అన్నాడు.

"కాదు. సాక్షిని."

"ఆ సమయంలో మీరక్కడ ఉన్నారా?"

"లేను. నేను లేను కాబట్టే ఆమె ఉండాల్సి వచ్చింది."

ఒక కాగితం ఇచ్చి రాయమన్నాడు. ఇన్నేళ్ళూ ఇతరుల జవాబులకి గీతలు పెట్టిన దాన్ని, నా జవాబు రాయడానికి గంట పట్టింది. ఫోన్ ఆపానని రాశాను. తొమ్మిదిసార్లు చేసిందని రాశాను. ఎక్కడున్నారు అన్న చోట, ఓట్లు అడుగుతున్నాను అని రాశాను. అతను రెండుసార్లు చదివి లోపలికి వెళ్ళాడు.

ఉద్యోగం తీసెయ్యలేదు. చివరి హెచ్చరిక అని రాసి సంతకం పెట్టించుకున్నారు. ఇంకొక్కసారి ఎక్కడైనా ఆలస్యమైతే అంతే. ఈసారి ఎవరైనా ఆమె ఒళ్ళో ప్రాణం వదులుతుంటే అరగంటకి లేచి వెళ్ళిపోవాలి. ఆమె సంతకం పెట్టింది. పెట్టకేం చేస్తుంది?

బస్టాపులో కూర్చున్నాం. ఆమెకి ఒంటిగంటకి ఇంకో ఇల్లు ఉంది, ఊరికి అటు చివర. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"టెండై, నా మీద కోపంతోనే పోయాడా?"

"అబద్ధం చెప్పనా అమ్మా?"

"వద్దు."

ఆమె రోడ్డు వైపు చూస్తూ చెప్పింది. "కోపంగానే ఉన్నారు. చివరిదాకా. తలుపు వైపే చూశారు కూడా."

ఆమె బస్సు వచ్చింది. పరుగెత్తి ఎక్కింది, ఆలస్యం కాకూడదు కదా.

ఆ తలుపు మాట నిజమో, నాకోసం చేర్చిందో తెలియదు. ఇంటిదాకా నడుస్తూ అదే ఆలోచించాను. ఇంకెప్పుడూ అడగను.